గోడకెక్కని పేర్లు

గద్వాలలోనో, వనపర్తి రోడ్డులోనో రైలెక్కి కూలికై, కొలువుకై, చదువుకై, వైద్యమునకై హైదరాబాదునకు బయలుదేరిన మనిషి తరతరములుగా ఆ మహానగరమున మొదట పాదము మోపుచున్న చోటు కాచిగూడ స్టేషను. నాగర్‌కర్నూలు పట్టణమునకు నేటికిని రైలు లేదు గనుక అచ్చటివారు జడ్చర్ల మీదుగా బస్సులో వచ్చి వేరొక దారిని నగరము చేరుచున్నారు. నెత్తిన మూటతో, చంకన బిడ్డతో స్టేషను వెలుపలికి వచ్చి ఆ గుమ్మటములను, చిరుమీనారులను ఒక్క క్షణము తలయెత్తి చూచినవాడు, ఇది యే నవాబుగారి దివాణమో అనుకొనునే గాని, దానికి రూపకల్పన చేసినవాడు లండనులో పుట్టి, కలకత్తాలో పేరు గడించి, పని వెదకికొనుచు ఈ ఊరికి వచ్చిన యొక పరదేశి యని ఎరుగడు. ఎరుగకపోవుట ఆతని తప్పు కాదు. కట్టించినవారి పేరు తప్ప కట్టినవారి పేరు చెప్పు అలవాటు మనకు చాల కాలముగా తప్పినది.

ఆ పరదేశి పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్. 1876లో జన్మించిన యీతడు యౌవనమునందే భారతదేశమునకు వచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగమున కుదిరి, క్రమముగా కలకత్తాలో వాస్తుశిల్పిగా స్థిరపడెను. ఆ కాలమున కలకత్తాలో అన్నిటికంటె పెద్ద నిర్మాణము విక్టోరియా స్మారక మందిరము. దానికి నమూనా గీచినది ఇంగ్లండులోని సర్ విలియం ఎమర్సన్. గుత్త పట్టినది రాజేంద్రనాథ ముఖర్జీగారి మార్టిన్ కంపెనీ. పాలరాయి వచ్చినది రాజస్థానములోని మక్రానా నుండి. సముద్రమునకు ఆవల కూర్చుండి ఒకడు గీచిన గీతను హుగ్లీ తీరపు మెత్తని నేలమీద నిలువబెట్టి, దాని బరువునకు నేల క్రుంగకుండ చూచు భారము ఎష్ తలపై పడెను. 1906లో శంకుస్థాపన జరిగిన ఆ మందిరమునకు ప్రారంభోత్సవము 1921లో గాని కాలేదు. నమూనా గీచినవానికి కీర్తి దక్కెను, గుత్తేదారునకు సర్ బిరుదము దక్కెను, పర్యవేక్షించినవానికిని రాచమర్యాద కొంత లభించెను. మక్రానా గనులలో ఆ రాతిని ముక్కలుగా కోసినవారి సంగతి మాత్రము ఎవరును వ్రాయలేదు.

1911 డిసెంబరులో రాజధాని ఢిల్లీకి తరలునని ప్రకటన వెలువడిన పిదప కలకత్తాలో కట్టడములు కట్టువారికి మునుపటి వైభవము సన్నగిల్లినదనుట సాహసము కాదు. సరిగా ఆ కాలముననే ఇచ్చట హైదరాబాదులో పని పెరుగుచుండెను. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరమును ముంచివేసిన తరువాత, విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరదకు పరిహారము సూచించుటయు, 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ సింహాసనమెక్కుటయు, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడుటయు ఒకదాని వెంట ఒకటి జరిగెను. ఏటి గట్టులను బాగు చేసి, బురద మేటలు వేసిన చోట రాతి కట్టడములు లేపవలెనని సంకల్పించిన ప్రభుత్వమునకు పెద్ద పని నడుపగల మనిషి కావలసి వచ్చెను. 1914లో ఎష్ వచ్చి, 1921 వరకు నిజాము ప్రభుత్వమునకు వాస్తు సలహాదారుగా నుండెను. ఆ యేడెనిమిదేండ్లలో ఆతని చేతి మీదుగా రూపు దాల్చినవి మూసీకి దక్షిణపు గట్టున హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి, కొంత దూరమున కాచిగూడ స్టేషను. ఒక నగరపు ముఖము ఇంత స్వల్పకాలములో ఇంతగా మారుట అరుదు.

ఈతడు మహాప్రతిభాశాలి యని నేననను. ఎమర్సన్ నమూనాను కట్టిన కాలమున దొరల ఊరికి దొరల వాస్తువే చాలునని భావించినవాడే ఇచ్చటికి రాగానే గుమ్మటమునకు, కమానుకు, జాలీకి తలయొగ్గినాడు. అందులో రసజ్ఞత యెంత, ప్రభువు అభిరుచిని పసిగట్టిన లౌక్యమెంత అని తూచి చెప్పుట కష్టము. అయినను కాచిగూడలో ఆతడు చేసిన పని మెచ్చుకొనదగినది. మొగలుల కాలపు రూపమును, ముందుగానే అచ్చుపోసి తెచ్చి అమర్చిన కాంక్రీటు దిమ్మెలతో సాధించినాడు. సిమెంటు పేరే జనులకు కొత్తగా నున్న ఆ దినములలో, వందల యేండ్లుగా రాతిని ఉలితో తొలిచిన చేతులకు అచ్చులో పోసి ఆరబెట్టు విద్యను నేర్పవలసి వచ్చి యుండును. నేర్పినవాడెవరో చరిత్ర చెప్పుచున్నది. నేర్చినవారెవరో చెప్పుట లేదు.

హైకోర్టు సంగతి మరింత ఆలోచింపదగినది. 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31న ముగిసి, 1920 ఏప్రిల్ 20న నిజాము చేతులమీదుగా తెరువబడిన ఆ మందిరమునకు తొలి నమూనా సిద్ధపరచినవాడు జయపురమునకు చెందిన శంకర్‌లాల్ అనియు, దానిని అమలు పరచినవాడు స్థానికుడైన మెహర్ అలీ ఫాజిల్ అను ఇంజనీరు అనియు న్యాయస్థానము వారే చెప్పుచుందురు. అయినను వాస్తుచరిత్ర గ్రంథములు తెరచినచో ముందుగా కనిపించు పేరు ఎష్‌దే. జయపురము నుండి వచ్చినవాడును హైదరాబాదునకు పరదేశియే గదా! ఇద్దరు పరదేశులలో ఒకని పేరు పుస్తకములకెక్కెను, మరొకని పేరు ఒక వాక్యములో ఇమిడిపోయెను, స్థానికుని పేరు ఆ వాక్యపు తోకగా నిలిచెను. ఇక వారి క్రింద రాళ్లు మోసినవారు ఆ వాక్యములోనికే రాలేదు.

ఇది మన దేశమునకు మాత్రమే పట్టిన జాడ్యమనుకొనరాదు. అదే కాలమున కెనడా దేశపు పశ్చిమ తీరమున మరొక ఆంగ్లేయుడు ఇట్లే పేరు గడించుచుండెను. ఫ్రాన్సిస్ రాటెన్‌బరీ అను నాతడు 1892లో లీడ్స్ నగరము వదలి వాంకూవరు చేరి, ఇరువదియైదేండ్ల ప్రాయములోనే బ్రిటిష్ కొలంబియా శాసనసభా భవనమునకు జరిగిన పోటీలో నెగ్గెను. 1898లో ఆ భవనము తెరువబడెను. పిమ్మట కెనడియన్ పసిఫిక్ రైల్వే వారికి పనిచేసి, విక్టోరియా రేవున ఎంప్రెస్ హోటలును, వాంకూవరులో న్యాయస్థానమును నిర్మించెను. ఆ రైలు మార్గమునకు పశ్చిమ పర్వతములలో కొండలు పగులగొట్టినవారు చీనా దేశపు కూలీలు. ఆ మార్గము పూర్తియైన 1885వ సంవత్సరములోనే కెనడా ప్రభుత్వము చీనావారి మీద తలకు 50 డాలర్ల పన్ను విధించెను; 1903 నాటికి దానిని 500 డాలర్లకు పెంచెను. ఎష్ హైదరాబాదునకు వచ్చిన 1914లోనే కోమగాట మారు అను ఓడలో 376 మంది భారతీయులు వాంకూవరు రేవు చేరగా, రెండు నెలలు నీళ్లమీదనే నిలిపి, కొద్దిమందిని తప్ప తక్కినవారిని వెనుకకు మరలించినారు. గీత గీయువానికి ఎర్ర తివాచీయు, గునపము పట్టువానికి పన్నును, పడవలోనే నిర్బంధమును! కాలము కొంత పగ తీర్చుకొనెను కాబోలు: ఇంగ్లండునకు మరలిన రాటెన్‌బరీ 1935లో తన యింటిలోనే హత్యకు గురియై, ఆతని సమాధి చాల కాలము పేరు చెక్కిన రాయి లేకయే పడియుండెను.

ఇక మన ఇంటి సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల నుండి బయలుదేరిన శ్రామికుని దేశమంతయు 'పాలమూరు లేబరు' అని పిలుచును. ఆనకట్ట యెక్కడ లేచినను, కాలువ యెక్కడ త్రవ్వినను, రహదారి యెక్కడ సాగినను అచ్చట ఈ మనుష్యులుందురు. గుంపు మేస్త్రీ ఊరిలోనికి వచ్చి, ఇంటికింత అని ముందస్తు సొమ్ము చేతిలో పెట్టి, ఆ సొమ్ము తీరువరకు ఆలుమగలను లారీలో ఎక్కించుకొనిపోవును. ముసలివారును, బడికి పోవు పిల్లలును ఊరిలో మిగులుదురు. పీర్ల పండుగకు గాని మరల ఇంటి వాకిలి చూడని కుటుంబములెన్నియో. కృష్ణ, తుంగభద్ర రెండును తమ పొలిమేరలలోనే పారుచుండగా నీటి కొరవ చేత నేల బీడు వదలి, ఇతరుల నేలకు నీరు పారించుటకు కాలువలు త్రవ్విన జనమింకొకటి మన రాష్ట్రమున లేదు. ఈ అన్యాయమును గూర్చి పాటలు వచ్చినవి, పుస్తకములు వచ్చినవి, ఎన్నికల వాగ్దానములు అంతకంటె ఎక్కువ వచ్చినవి. పేర్లు మాత్రము రాలేదు.

ఈ మధ్య కథ తలక్రిందులైనది. మన జిల్లాల మనుష్యులు వెలుపలికి పోవుట ఆగకుండగనే, మన జిల్లాలలోని పెద్ద పనులకు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్ మొదలగు రాష్ట్రములనుండి మనుష్యులు వచ్చుచున్నారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ, అనగా ఎస్‌ఎల్‌బీసీ సొరంగపు పైకప్పు కూలి, ఎనిమిదిమంది లోపల చిక్కుకొన్నప్పుడు మాత్రమే వారెవరో, ఏ ఊరివారో, ఏ పని చేయుచుండిరో మనకు తెలిసినది. ఎనిమిది పేర్లును ఒక్క దినములో ప్రతి పత్రికలో అచ్చుపడెను. సొరంగము నిరాటంకముగా పూర్తియై, నీరు పారి, రిబ్బను కత్తిరింపబడి యుండినచో ఆ యెనిమిది పేర్లలో ఒక్కటియైనను మన చెవిని పడెడిది కాదు. పనిచేసినందుకు కాక ప్రమాదమున పడినందుకు మాత్రమే మనిషికి పేరు పుట్టు స్థితి సిగ్గుపడవలసినది.

పేర్లు నిలుపుకొనుట ఈ సీమకు తెలియని విద్య యనరాదు. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల అను ఖ్యాతి యెట్లు వచ్చెను? ఏటేట పండితులను పిలిచి, పరీక్షించి, సంభావన లిచ్చి పంపినందున వచ్చెను. సోమనాద్రి అని జనులు పిలుచుకొను పెదసోమభూపాలుడు కట్టించిన కోటలో చెన్నకేశవాలయమున్నది, ఇప్పుడు కళాశాలయు నడచుచున్నది. ఆ సంస్థానపు కవుల పేర్లు పదులకొలది చెప్పగల పెద్దలు గద్వాలలో నేటికిని కలరు. కోట బురుజు కట్టిన యొక్క మేస్త్రీ పేరు వారిలో ఎవరైనను చెప్పగా నేను వినలేదు. వనపర్తి రాజప్రాసాదములో 1959 నుండి పాలిటెక్నిక్ నడచుచున్నది. భవన నిర్మాణము చదువు విద్యార్థులు ఆ గోడల నడుమనే కూర్చుండి గోడ మందము లెక్కగట్టుట నేర్చుచున్నారు. ఆ గోడలను లేపినదెవరని వారికి పరీక్షలో ఎవరును అడుగరు.

ఇంకను వెనుకకు పోయినచో మన పూర్వులే మనకంటె ఉదారులుగా కనిపింతురు. అలంపురములో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయములున్నవి గదా. ఆ వంశపు రాజైన రెండవ విక్రమాదిత్యుని రాణి లోకమహాదేవి పట్టదకల్లులో విరూపాక్షాలయమును కట్టించి, దానిని నిర్మించిన సూత్రధారి గుండుడను వాని పేరును, ఆతని అనివారితాచారి అను బిరుదును శాసనములో చెక్కించినది. ఎనిమిదవ శతాబ్దిలో, రాణిగారి దేవాలయములో, రాతిపనివాని పేరు! రామప్పగుడికి శిల్పి పేరే నిలిచినదని లోకవాడుక. 1213 నాటి శాసనము రేచర్ల రుద్రుని గూర్చి చెప్పునే గాని ఆ శిల్పిని గూర్చి చెప్పదు. శాసనము మరచినదానిని జనుల నాలుక పట్టి నిలిపినదన్నమాట. 2021లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చునప్పటికిని ఆ వాడుక పేరు నిలిచియే యున్నది.

నేను చెప్పదలచినది ఇది. 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు, అలంపురము సీమలో పుట్టి పెరిగినవారు, తెలంగాణములో కవులే లేరన్న మాటకు కోపగించి తిట్టుట మాని, 354 మంది కవులను గుదిగ్రుచ్చి గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వాదము అంతటితో ముగిసెను. అట్టి పట్టిక యొకటి ఇప్పుడు కట్టుబడివారికి కావలెను. ఈ మూడు జిల్లాలలో ప్రభుత్వపు సొమ్ముతో లేచు ప్రతి కట్టడమునకును, అది వైద్యకళాశాల కానిండు, కలెక్టరు కార్యాలయము కానిండు, పాలమూరు రంగారెడ్డి ఎత్తిపోతలలోని పంపుగృహము కానిండు, మంత్రివర్యుల శిలాఫలకము ప్రక్కనే పనిచేసినవారి పేర్లతో మరొక ఫలకము నిలుపవలెను. రూపకర్త పేరు, ఇంజనీరు పేరు, మేస్త్రీ పేరు, తాపీవాని పేరు, తట్టమోసిన ఆమె పేరు, ఊరి పేరుతో సహా. ఆమె పేరును ఫలానావాని భార్య యని వ్రాయుట పనికిరాదు. గుంపులో ఆలుమగలకు కలిపి ఒక్క లెక్క వ్రాయు మేస్త్రీల వాడుక ఆ రాతిమీదికి ఎక్కరాదు.

వేలమంది పేర్లు ఎట్లు చెక్కింతురని అడుగువారుందురు. ఢిల్లీలోని ఇండియా గేటుమీద 13 వేలకు పైబడిన సైనికుల పేర్లు చెక్కినారు. 1931 నుండి అవి అట్లే యున్నవి. పారిసులోని ఈఫెల్ గోపురముమీద 72 మంది శాస్త్రజ్ఞుల పేర్లున్నవి, ఇనుప దూలములు బిగించినవారివి లేవు. కావున స్థలము చాలదనుట సాకు మాత్రమే. ఎవరి పేరు చెక్కదగినదని మనము తలచితిమో అదియే అసలు సంగతి.

కూలి సరిగా ఇయ్యని లోకములో పేరు చెక్కి యేమి లాభమన్న ప్రశ్న దీనికంటె బలమైనది. దానిని తోసివేయను. అయితే పేరు లేకపోవుటకును కూలి దక్కకపోవుటకును సంబంధము కలదు. 2025 వరకు అమలులో నుండిన 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టముల ప్రకారము కట్టడపు వ్యయముపై నూటికొక్క రూపాయి చొప్పున సెస్సు వసూలగుచుండెను. ఆ నిధి నుండి సాయము పొందవలెనన్న కార్మికుడు గడచిన పండ్రెండు నెలలలో కనీసము 90 దినములు పనిచేసినట్లు నిరూపించుకొని సంక్షేమ మండలిలో నమోదు కావలసి యుండెను. ఊరూరు తిరుగువానికి ఆ నిరూపణ ఎవరిత్తురు? గుత్తేదారు తానెరుగననును; మేస్త్రీ పై ఊరికి పోయెను. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము ఫోటో అంటించిన పాసుపుస్తకము ప్రతి మనిషికిని ఇయ్యవలెనని చెప్పినది. పాలమూరు పల్లెలలో అట్టి పుస్తకము చూపగలవారిని వెదకి పట్టుకొనుట సులభము కాదు. గోడమీద బహిరంగముగా నున్న పేరును, దాని నకలుగా జిల్లా గ్రంథాలయములో నున్న పట్టికను కాదనుట ఏ గుత్తేదారునకును, ఏ కచేరీ గుమాస్తాకును సాధ్యము కాదు. పేరనగా ఇచ్చట గౌరవము మాత్రమే కాదు, దస్తావేజు కూడ.

పేర్లు తప్పుడువి వ్రాయింతురేమో, బంధువులను ఇరికింతురేమో అను సందేహమును కలదు. మస్టరు రోళ్లలో ఆ విద్య ఇదివరకే పండినది. కాని మస్టరు రోలు బీరువాలో నుండును, గోడ బజారులో నుండును. తమతో తట్ట మోయనివాని పేరు తమ పేరు ప్రక్కన కనిపించినచో పదిమందిలో ఒక్కడైనను నోరు మెదపక మానడు.

పాత కట్టడముల విషయములో ఆలస్యము తగదు. శ్రీశైలము జలాశయము నిండుచున్నప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురములో మరల నిలిపినారు. కొల్లాపురము సీమలో సోమశిల, జటప్రోలు దేవాలయములను సైతము ముంపు నుండి తప్పించి ఎగువకు తరలించినారు. నూతనముగా కట్టుటకంటె, వేయేండ్లనాటి కట్టడమును రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, మరొకచోట అదే కూర్పున పేర్చుట కష్టతరమైన విద్య. ఆ పని చేసినవారిలో నాడు పడుచువారు నేడు ముదుసలులై యుందురు. వారిని వెదకి, వారితోడి పనివారి పేర్లును, ఏ రాతిని ఎట్లు దింపిరో ఎట్లు ఎత్తిరో ఆ వివరమును వ్రాసికొనుటకు వనపర్తి పాలిటెక్నిక్ విద్యార్థులను, గద్వాల కళాశాలలో చరిత్ర చదువువారిని ఒక వేసవి సెలవులలో పంపినచో చాలును. దానికి పెద్ద నిధులేమియు అక్కరలేదు.

కొత్త కట్టడముల విషయములో చేయవలసినది అంతకంటె సులువు. టెండరు పత్రములో ఒక్క షరతు చేర్చవలెను: పనిచేసినవారి పేర్ల పట్టిక గ్రామసభ యెదుట చదివి, తప్పులు దిద్ది, ఫలకముపై చెక్కించి చూపినగాని గుత్తేదారునకు తుది బిల్లు చెల్లింపరాదు. బిల్లు ఆగినప్పుడు పేర్లన్నియు గుర్తునకు వచ్చును.